బిస్కెట్ పొట్లం వెనకవైపు తెలుగులో లేదు, అందుకే మనమే చదవాల



ఈసారి స్కాలర్‌షిప్పుల గురించి కాదు, కుల సర్టిఫికెట్ల గురించి కాదు. బిస్కెట్ల గురించి రాస్తా ఉండాం. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

మేము రేణిగుంటలో ఉండి చదువుకుంటా ఉండే పిల్లలం. మాలో యానాదులు ఉండారు, ఎరుకలోళ్లు ఉండారు, సుగాలీలు ఉండారు. పోయిన నెల రక్తపరీక్ష చేసేదానికి వచ్చినారు. మాలో ఒక చెల్లెలికి హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఆడపిల్లకి 12 అన్నా ఉండాల. ఏఎన్ఎం అక్క అడిగింది, "పొద్దున ఏం తింటావు పాపా?" అని. "టీ, బిస్కెట్ అక్కా" అనింది. "మధ్యాహ్నం?" అంటే అన్నం. "సాయంత్రం?" అంటే మళ్లీ టీ, బిస్కెట్. ఆ అక్క తిట్టలేదు. చీటీ రాస్తా ఒక మాట అనింది: "బిస్కెట్ తిండి కాదమ్మా, తిండి తిన్నట్టు అనిపించేది."

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఎందుకంటే ఆ చెల్లెలు ఒక్కతే కాదు, మేమందరం అట్లనే తింటా ఉండాం. ఏడు గంటల బస్సు పట్టుకోవాలంటే ఐదు రూపాయల పొట్లమే దిక్కు. ఫ్యాక్టరీల్లో షిఫ్టుకి పోయే మన అక్కలకీ అదే. రేణిగుంట జంక్షన్‌లో రైలు కోసం కూర్చున్నా అదే. ఇదేమీ మన ఊరి సంగతి మాత్రమే కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉండాది. అంటే పది మంది అక్కచెల్లెళ్లు నిలబడితే దాదాపు ఆరు మంది. మన కాలనీల్లో, తాండాల్లో ఎట్లుంటుందో చెప్పాల్సిన పని లేదు, చూస్తానే ఉండాం.

రక్తం తగ్గేదానికి బిస్కెట్ ఒక్కటే కారణం అని మేము అనడం లేదు. నులిపురుగులు ఉంటాయి, నెలసరి ఉంటుంది, కడుపు నిండా కూర, పప్పు, గుడ్డు లేకపోవడం ఉంటుంది. కానీ ఆకలి వేసే టయానికి బిస్కెట్‌తో కడుపు మూసేస్తే మంచి తిండికి చోటు లేకుండా పోతుంది. ఇంకొకటి, తిండితో పాటు టీ తాగితే ఆ తిండిలో ఉండే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అంటే టీ, బిస్కెట్ జత రెండు వైపులా దెబ్బే. బిస్కెట్‌లో పెద్దగా ఏమీ లేదు, టీ ఉన్నదాన్ని కూడా అడ్డుకుంటుంది.

అయితే మనోళ్లు బిస్కెట్ ఎందుకు కొంటారో మనకి తెలుసు. చౌక అని మాత్రమే కాదు. మా అమ్మలు ఇటుక బట్టీకి, నిమ్మతోటకి, చేపల చెరువుకి కూలికి పోయి వస్తా పిల్లోళ్లకి పొట్లం తెస్తారు. ఆ రంగు కాగితంలో ఒక మర్యాద ఉండాది. చుట్టం వస్తే ఉడకేసిన గెనుసుగడ్డ పెట్టాలంటే సిగ్గు, బిస్కెట్ పెట్టాలంటే గొప్ప. ఆ సిగ్గు ఎవరు నేర్పించినారు? బడిలో మనం రాగిముద్ద తెచ్చుకుంటే, ఉడకేసిన గడ్డలు తెచ్చుకుంటే వెక్కిరించినోళ్లు నేర్పించినారు. కాబట్టి "అమ్మా, నువ్వు తెచ్చేది మంచిది కాదు" అని ఇంటికి పోయి గట్టిగా అరిస్తే అది తెలివి కాదు. ఆ పొట్లంలో ఆమె ప్రేమ ఉండాది. దాన్ని మంచి పొట్లంలోకి మార్చాల, అంతే.

పోయిన ఆదివారం మేము నలుగురం రేణిగుంటలో ఒక పెద్ద సరుకుల అంగడికి పోయినాం. బిస్కెట్ల వరస ముందర గంటసేపు నిలబడి ఒక్కొక్క పొట్లం వెనక్కి తిప్పి చదివినాం. అంగడాయన మమ్మల్ని అనుమానంగా చూసినాడు, అది వేరే సంగతి. మాకు అర్థమైనవి చెబుతాం.

1. ముందు పదార్థాల పట్టీ చూడండి. ఏది ఎక్కువ బరువు వేసినారో అది ముందు రాయాల, ఇది చట్టం. మేము తిప్పి చూసిన వాటిల్లో చాలా వాటి మీద మొదటి మూడు పేర్లు ఇవే: రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, షుగర్, పామ్ ఆయిల్. మొదటిది మైదా. గోధుమ బొమ్మ వేసినంత మాత్రాన గోధుమపిండి కాదు. "హోల్ వీట్" అనో "ఆటా" అనో మొట్టమొదట రాసి ఉంటేనే అది పొట్టుతో ఉన్న పిండి.

2. చక్కెరకి మారుపేర్లు ఉంటాయి. ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్. ఇవన్నీ తీపి చుట్టాలే. ఒకే పొట్లంలో మూడు పేర్లు కనిపిస్తే మూడూ కలిపి లెక్కేసుకోండి.

3. రాగి బిస్కెట్, ఓట్స్ బిస్కెట్, మిల్లెట్ కుకీ అని ముందర పెద్ద అక్షరాలు ఉంటే, వెనకాల రాగి ఎంత శాతమో చూడండి. పట్టీలో ఆ పేరు పక్కన శాతం ఉంటుంది. మైదా ముందర, రాగి చివర ఉంటే అది రాగి బిస్కెట్ కాదు, రాగి పేరు పెట్టుకున్న మైదా బిస్కెట్.

4. పోషకాల పట్టికలో "100 గ్రాములకి" అని రాసిన వరస మాత్రమే చూడండి. "ఒక సర్వింగ్" అంటే ఒకటో రెండో బిస్కెట్లు, ఆ అంకె చిన్నగా కనిపిస్తుంది. రెండు బిస్కెట్లతో ఆపేవాళ్లు మనలో ఎవరు? మామూలు గ్లూకోజ్ బిస్కెట్లలో 100 గ్రాములకి 25 గ్రాముల దరిదాపుల్లో చక్కెర ఉంటుంది, క్రీము బిస్కెట్లలో ఇంకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన దాని ప్రకారం పెద్దవాళ్లకి రోజంతటికీ కలిపిన చక్కెర 25 గ్రాముల లోపల ఉంటే మంచిది, అంటే సుమారు ఆరు చెంచాలు. వంద గ్రాముల పొట్లం ఒకటి ఖాళీ చేస్తే ఆ రోజు కోటా అయిపోయినట్టే. టీలో వేసుకునేది ఇంకా లెక్కలోకి రాలేదు.

5. "కొలెస్ట్రాల్ లేదు" అని రాస్తే మోసపోవద్దు. చెట్టు నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఎట్లా ఉండదు. "ట్రాన్స్ ఫ్యాట్ లేదు" అనేది కూడా ఇప్పుడు పెద్ద గొప్ప కాదు. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూలు పెట్టింది. మీరు చూడాల్సింది సాచురేటెడ్ ఫ్యాట్ అంకె.

"హెల్త్" అనే మాటకి కూడా జాగ్రత్త. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకి ఒక సూచన పంపింది: బోర్న్‌విటా లాంటి పొడులను "హెల్త్ డ్రింక్స్" వరసలో పెట్టొద్దని. ఎందుకంటే ఆహార భద్రత చట్టంలో హెల్త్ డ్రింక్ అనే రకమే లేదు. ఎన్నేళ్లుగా ఆ మాటని నమ్మి, పాలు కూడా సరిగా కొనలేని మనోళ్లు ఆ డబ్బాలు కొన్నారో తల్చుకోండి.

ఇప్పుడు మాకు అన్నిటికంటే కోపం వచ్చిన సంగతి. ఈ పట్టీ అంతా ఇంగ్లీషులో ఉండాది. కొన్నిటి మీద హిందీలో కూడా. రూలు ప్రకారం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాస్తే చాలు, తెలుగు వాళ్ల ఇష్టం. టీవీలో ప్రకటన మాత్రం తెలుగులోనే వస్తుంది! అమ్మేటప్పుడు మన భాష కావాల, లోపల ఏముందో చెప్పేటప్పుడు వద్దు. రాత్రి బడికి పోయి సంతకం, కాస్త చదవడం నేర్చుకున్న మా అమ్మ కూడా ఆ పొట్లం చదవలేదు. ఇంట్లో మొదటిసారి ఇంగ్లీషు అక్షరం చదివినోళ్లం మనమే. ఆధార్ కాగితం, బ్యాంకు కాగితం, ఆసుపత్రి చీటీ మనమే చదివి పెడతా ఉండాం కదా. బిస్కెట్ పొట్లం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. తెలుగులో రాయాలని అడగాల, అది హక్కు. అడిగిన రోజే రాదు కాబట్టి అప్పటిదాకా మనం చదివి చెప్పాల.

సరే, బిస్కెట్ కాకపోతే ఏంది అంటారు. అదే అంగట్లో, బిస్కెట్ల వరస నుంచి పది అడుగుల అవతల చెనక్కాయలు, పుట్నాలు, నూగులు, బెల్లం, రాగిపిండి, ఖర్జూరం ఉండాయి. రంగు కాగితం లేదు, ప్రకటన లేదు. చెనక్కాయల్లో నాలుగో వంతు దాకా మాంసకృత్తులే. రాగుల్లో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం, బియ్యంలో దాని పక్కన నిలబడేంత లేదు. నూగుల్లో కాల్షియం, ఇనుము రెండూ ఉంటాయి. ఇవి మన నేల మీద పండేవి, మన అవ్వలు తిన్నవి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించినాక, మనల్ని వెక్కిరించిన ముద్ద పిండే మెరిసే పొట్లంలో కూర్చుని మూడింతల రేటు పలుకుతా ఉండాది.

ప్రభుత్వానికి కూడా ఇది తెలియని సంగతి కాదు. బడి మధ్యాహ్న భోజనంలో 2020 నుంచి చెనక్కాయల చిక్కీ ఇచ్చినారు, 2023 మార్చి నుంచి రాగి జావ పెట్టినారు. చిన్నపిల్లలకి చిక్కీ మంచిదని తెలిసినప్పుడు, కాలేజీ పిల్లలు ఉండే హాస్టళ్లలో సాయంత్రం టీతో బిస్కెట్లే ఎందుకు పెట్టాల?

ఇక్కడ ఒక నిజం కూడా ఒప్పుకోవాల. బెల్లం మందు కాదు. "బెల్లం కాబట్టి ఎంతైనా తినొచ్చు" అనేది తప్పు. బెల్లం కూడా చక్కెరే, ఒంట్లోకి పోయినాక దాదాపు అదే పని చేస్తుంది. చిక్కీలో తీపి బిస్కెట్ కంటే ఎక్కువే ఉండొచ్చు. తేడా ఏందంటే, చిక్కీలో తీపితో పాటు చెనక్కాయలు వస్తాయి, బిస్కెట్‌లో తీపితో పాటు మైదా వస్తుంది. చిక్కీ ఒక చిన్న చెక్క తింటే కడుపు ఆగుతుంది. బిస్కెట్లు పది తిన్నా గంటలో మళ్లీ ఆకలే. దానికంటే మేలు, వేయించిన చెనక్కాయలు గుప్పెడు, బెల్లం చిన్న ముక్క విడిగా. తీపి మన చేతిలో ఉంటుంది.

"ఇవన్నీ బాగానే చెబుతారు, దుడ్డు ఎక్కడ?" అంటారు కొందరు. ఆ ప్రశ్న న్యాయమైందే. అందుకే లెక్క మేమే వేసుకున్నాం. పొట్లం రేటు ఐదు రూపాయలే ఉంటుంది గానీ లోపల బరువు ఏటేటా తగ్గుతా ఉండాది. ఐదు రూపాయలకి ఎంత అని కాదు, 100 గ్రాములకి ఎంత అని చూడండి. మేము నలుగురం తలా ఐదు వేసి రూ.20కి పుట్నాలు పొట్లం కట్టించుకున్నాం, నలుగురికీ సాయంత్రం సరిపోయింది. వండే పని లేదు, చెడిపోయేది లేదు, జేబులో వేసుకుని బస్సెక్కొచ్చు. జామకాయల కాలంలో ఒక జామకాయ తోడైతే ఇంకా మంచిది, అందులో ఉండే సి విటమిన్ ఇనుము ఒంటికి పట్టేదానికి సాయం చేస్తుంది.

బిస్కెట్ అస్సలు తినొద్దు అని మేము చెప్పడం లేదు. పండగకి, పుట్టినరోజుకి, రైలు ప్రయాణంలో తినండి. మిఠాయిని మిఠాయి లాగా తినండి, అన్నం లాగా తినొద్దు. అంతే మా మాట. తప్పకపోతే ఆటా ముందు రాసింది, చక్కెర అంకె తక్కువ ఉన్నది ఏరుకోండి. పాలు మరవని పిల్లోళ్లకి మాత్రం టీలో ముంచిన బిస్కెట్ దయచేసి పెట్టొద్దండి. అది మన కాలనీల్లో రోజూ కనిపించే తప్పు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం, ఇంటి రాగి జావ వాళ్లకి ఎన్నో రెట్లు మేలు.

మేము మూడు పనులు మొదలు పెడతా ఉండాం. ఒకటి, హాస్టల్ మెస్ కమిటీలో మన పిల్లలు ఉంటే, సాయంత్రం బిస్కెట్ బదులు వారంలో మూడు రోజులన్నా పుట్నాలో, ఉడకేసిన చెనక్కాయలో, చిక్కీయో పెట్టమని కాగితం రాసి ఇస్తాం. నోటితో అడిగితే గాలికి పోతుంది. రెండు, ఇంటికి పోయేటప్పుడు సంచిలో బిస్కెట్లు కాకుండా నూగుల ఉండలో, ఖర్జూరమో తీసుకుపోతాం. మూడు, అమ్మ తెచ్చిన పొట్లం ఒకటి ఆమె పక్కన కూర్చుని చదివి వినిపిస్తాం. ఆమెకి తెలివి లేక కాదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

మా చెల్లెలు ఇప్పుడు ఐరన్ మాత్రలు వేసుకుంటా ఉండాది, పొద్దున టీకి ముందే గుప్పెడు చెనక్కాయలు తింటా ఉండాది. మళ్లీ పరీక్షకి ఇంకా టయం ఉండాది. అంకె పెరిగితే ఇక్కడే చెబుతాం, పెరగకపోయినా చెబుతాం.

మీ ఊళ్లో, మీ తాండాలో పిల్లోళ్లకి బిస్కెట్ రాకముందు ఏం తీపి పెట్టేవాళ్లో మీ అవ్వని అడిగి కింద రాయండి. ఎట్లా చేయాలో కూడా రాయండి. అన్నీ కలిపి ఒక చోట పెడదాం, మన హాస్టళ్లలో చేసుకునేదానికి పనికొస్తాయి.

ఉంటాం. జోహార్.