గేటు ముందు రెండు వందల మీటర్లు



పేరెంట్స్ మీటింగుల్లో మీరు అడిగే ప్రశ్నలు నాకు దాదాపు కంఠతా వచ్చు. లెక్కల్లో మార్కులు ఎందుకు తగ్గాయి, ఒలింపియాడ్ పుస్తకాలు ఎప్పుడొస్తాయి, బస్సు మా వీధి చివరిదాకా ఎందుకు రాదు. అన్నీ అడగాల్సినవే. బండి దిగిన పిల్ల గేటులోకి వచ్చేలోపు రోడ్డు ఎలా దాటుతోందని అడిగినవాళ్లు మాత్రం బహు తక్కువ. ఉదయం పూట గేటు దగ్గర డ్యూటీలో నిలబడే ఫిజిక్స్ టీచర్‌గా ఈ నెల ఆ ఒక్క సంగతే మీతో మాట్లాడదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా గేటు ముందు ఏం జరుగుతుందో మీకు తెలిసిందే, మీరూ అక్కడే ఉంటారు కాబట్టి. ముందు ఒకరు, వెనక ఇద్దరు, మధ్యలో బ్యాగులతో బైకు వచ్చి సరిగ్గా గేటుకు ఎదురుగా ఆగుతుంది. దాని వెనక ఆటో, ఆటో వెనక కారు. కారు వెనక్కి తీయాలంటే ఎవరో ఒకరు దిగి చేయి ఊపాలి. బస్సు లోపలికి తిరగడానికి జాగా ఉండదు, హారన్ మాత్రం మోగుతూనే ఉంటుంది. ఈ సందుల్లోంచి, కారు బానెట్ ఎత్తుకు కూడా రాని యూకేజీ పిల్లలు బ్యాగు బరువుకు ముందుకు వంగి దూరి వస్తుంటారు. మొన్నామధ్య ఒక ఆటో అతను విసుగెత్తిపోయి, ‘ఏటి మేస్టారూ, అందరూ ఇక్కడే ఆపేస్తే నేనెక్కడ తిప్పుకోవాల?’ అన్నాడు. అతను నన్ను అడిగాడు కానీ, ఆ ప్రశ్న అక్కడ బండి ఆపిన ప్రతి ఒక్కరికీ చెందుతుంది.

మరి వీళ్లు పక్కనుంచి నడిచి రావచ్చు కదా అంటే, పక్క అనేది ఏదీ? మన ఊళ్లలో ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల కాలువ మీద కప్పిన సిమెంటు పలకే. ఒక పలక ఎత్తుగా, పక్కది పల్లంగా ఉంటుంది. పూడిక తీయడానికి పైకెత్తిన పలకను మళ్లీ సరిగా వేసేవాళ్లుండరు, ఆ సందులో కాలు ఇరుక్కునేంత జాగా మిగులుతుంది. నాలుగడుగులు వేస్తే కొట్టు మెట్లు. ఇంకో నాలుగడుగులకు బండి ఎక్కించుకోవడానికి పోసుకున్న ర్యాంపు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, దాని కాళ్లకు కట్టిన ఫ్లెక్సీ, ఫ్లెక్సీ నీడన వరసగా స్టాండు వేసిన బైకులు. విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా గానీ, శ్రీకాకుళంలో డే అండ్ నైట్ కూడలి నుంచి ఏడు రోడ్ల కూడలి దాకా గానీ పిల్లాడి చేయి పట్టుకుని, ఒక్కసారి కూడా రోడ్డు మీదికి దిగకుండా నడవడానికి ప్రయత్నించి చూడండి. విజయనగరం కోట కట్టింది 1713లో. దాని చుట్టూ పెరిగిన వీధులు నడిచేవాళ్ల కోసం, ఎడ్లబళ్ల కోసం వెలిసినవి. ఆ వెడల్పులోనే ఇప్పుడు కార్లు, బస్సులు, లారీలు సర్దుకున్నాయి. అంచున ఉన్న నాలుగడుగుల జాగా కూడా పోయింది నడిచేవాడికే.

‘మనవాళ్లకు ట్రాఫిక్ సెన్స్ లేదు, రోడ్డు మధ్యలో నడుస్తారు’ అనే మాట మనం తరచూ వింటాం, అంటాం కూడా. నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. కాలు పెట్టడానికి సరైన చోటుంటే ఏ తల్లీ బిడ్డను లారీ పక్కన నడిపించదు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను రోజున చూడండి. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. లక్షల మంది, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు సహా, ఆ వీధుల్లోనే కాలినడకన తిరుగుతారు. బళ్లను ఊరి బయటే ఆపేస్తారు. రథసప్తమికి అరసవల్లి దారిలోనూ అంతే. ఆ రోజున మాత్రం బండి ఆగాలి, మనిషి నడవాలి అని కలెక్టరు నుంచి కానిస్టేబులు దాకా అందరికీ తెలుసు. ఏడాదికి ఒక్కరోజు చేతనైనది, ఒక బడి ముందు రోజుకు రెండు అరగంటలు ఎందుకు చేతకాదు?

చట్టం ఏమంటోందో కూడా చూడండి. 2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఫుట్‌పాత్‌ల మీద విధానం లేని రాష్ట్రాలు దాన్ని తయారుచేసుకోవాలని ఆదేశించింది. ఫుట్‌పాత్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చాలా ఏళ్ల కిందటే కొలతలతో సహా రాసిపెట్టింది. నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగుల వెడల్పు ఉండాలి. పిల్లాడి చేయి పట్టుకుని ఒక అమ్మ వెళుతుంటే ఎదురుగా వచ్చే పెద్దాయన పక్కకు తప్పుకోనక్కర్లేని వెడల్పన్నమాట. ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే అర అడుగు మించకూడదు. మన పలకలు చాలాచోట్ల అంతకు రెట్టింపు ఎత్తుంటాయి. మోకాళ్ల నొప్పులున్న మామ్మగారు వాటిని ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. అది ఆవిడ క్రమశిక్షణ లోపం కాదు కదా.

ఫుట్‌పాత్ అనగానే మన కోపమంతా ఇడ్లీ బండి మీదికి పోతుంది. ఇక్కడ నాది వేరే అభిప్రాయం. వీధి వ్యాపారులకు 2014లోనే పార్లమెంటు చట్టం చేసింది. వాళ్లకు జాగా చూపించాల్సిన బాధ్యత మున్సిపాలిటీది. పైగా ఇడ్లీ బండి పది గంటలకు వెళ్లిపోతుంది. రోజంతా అక్కడే ఉండేవి మన బైకులు, మనం వెళ్లే కొట్ల మెట్లు.

ఇప్పుడు కొంచెం ఫిజిక్స్, పరీక్షకు కాదులెండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. 30 కిలోమీటర్ల వేగమైతే 8 మీటర్లు. ఎదురుగా ఏదో కదిలిందని కన్ను చూసి, మెదడు గ్రహించి, బ్రేకు పడటానికి మామూలుగా ఒక సెకను పడుతుంది. ఆగి ఉన్న కారు వెనకనుంచి ఒక పాప 15 మీటర్ల ముందు రోడ్డు మీదికి వచ్చిందనుకోండి. 30లో పోయేవాడు పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లలో ఆగిపోతాడు, పాప భయపడుతుంది, అంతే. 50లో పోయేవాడికి బ్రేకు పట్టుకునేసరికే పాప ఉన్న చోటు వచ్చేస్తుంది, అతను ఆగేది 28 మీటర్ల దగ్గర. తేడా 20 కిలోమీటర్లే. ఆ 20 కోసం మనం ఆదా చేసే సమయం అర కిలోమీటరుకు 24 సెకన్లు.

పిల్లల వైపు నుంచి చూస్తే ఇంకో చిక్కుంది. పదేళ్ల లోపు పిల్లలకు వచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది అనే అంచనా పెద్దవాళ్లకున్నంత ఉండదు. ‘చూసి దాటమ్మా’ అని ఎన్నిసార్లు చెప్పినా, ఆ చూపు ఇంకా తయారుకాలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, పిల్లలూ నడిచేవాళ్లూ తిరిగే వీధుల్లో వేగం 30 దాటకూడదని పదేపదే చెబుతోంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళుతున్నవాళ్లు, అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు. వాళ్లెవరూ హెల్మెట్ పెట్టుకోలేదనో సీటు బెల్టు కట్టుకోలేదనో మనం అనడానికి వీల్లేదు.

మనకే ఎందుకు ఈ రభస అనుకోకండి. ఇప్పుడు సైకిళ్ల దేశమని చెప్పుకునే నెదర్లాండ్స్‌లో 1971 ఒక్క ఏడాదిలోనే నాలుగు వందల మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. మరుసటేడు, కూతుర్ని పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు పత్రికలో రాసిన వ్యాసం నుంచి తల్లిదండ్రుల ఉద్యమం పుట్టింది. ‘పిల్లల హత్యలు ఆపండి’ అనేదే దాని పేరు. వీధులకు అడ్డంగా కూర్చున్నారు, ప్రధానమంత్రి ఇంటికి వెళ్లారు. అక్కడి వీధులు మారడంలో ఇంజనీర్ల కంటే ముందు నిలబడింది తల్లిదండ్రులు.

మనం వీధికి అడ్డంగా కూర్చోనక్కర్లేదు. మన బళ్లు వీధికి అడ్డంగా లేకుండా చూసుకుంటే మొదటి మెట్టు ఎక్కినట్టే. ఇది కాస్త కటువుగా ఉందని తెలుసు. కానీ ఆ అరగంటలో గేటు ముందు ప్రమాదం ఎక్కడినుంచో రావడం లేదు, మన పిల్లల్ని జాగ్రత్తగా దించాలనే మన ఆత్రం నుంచే వస్తోంది. ఎవరి బిడ్డను వాళ్లు గేటుకు అంగుళం దూరంలో దించితే, మిగతా పిల్లలకు ఆ బండే అడ్డం, ఆ బండే ప్రమాదం.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. అదే సమయానికి మన గేటు ముందునుంచి మున్సిపల్ హైస్కూలు పిల్లలు, జిల్లా పరిషత్ బడి పిల్లలు నడిచి వెళుతుంటారు. వాళ్లకు బస్సు లేదు, దించేవాళ్లు లేరు. మన కార్ల వరస వచ్చేసరికి వాళ్లు చుట్టూ తిరిగి రోడ్డు నడిమధ్యకు వెళ్లి, మళ్లీ అంచుకు వస్తారు. వాళ్ల అమ్మానాన్నలకు ఈ పత్రిక అందదు. వాళ్ల తరఫున మనల్ని అడిగేవాళ్లు కూడా ఎవరూ లేరు.

నేను కోరేది చిన్నదే. గేటుకు రెండు వందల మీటర్ల అవతల, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట బండి ఆపండి. పిల్లాడి చేయి పట్టుకుని నడిచి రండి. మూడు నిమిషాల నడక. ‘ఇంత ఫీజు కట్టి నడిపించాలా?’ అని ఒకరిద్దరు నాతో అన్నారు. ఫీజు కట్టింది చదువుకు, గేటు ముందు రోడ్డుకు కాదు, ఆ రోడ్డు అందరిదీ. ఎండ, వాన, కుక్కలు అంటారు, అవి నిజమైన ఇబ్బందులే, అందుకే మీరు పక్కన ఉండాలి. బ్యాగు మోయలేడంటారు. 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం బ్యాగు బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదు. దాటితే అది బడి సరిదిద్దాల్సిన విషయం, ఆ ఫిర్యాదు తప్పకుండా మా దగ్గరికే తీసుకురండి. అలాగే చిన్న తరగతులను, పెద్ద తరగతులను పది నిమిషాల తేడాతో వదలడం కూడా బడి చేతిలోని పనే. యాజమాన్యం దాన్ని ఈ టర్మ్‌లోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

పెద్ద తరగతుల తల్లిదండ్రులకు ఒక మాట. ట్యూషన్‌కు ఆలస్యమవుతోందని స్కూటీ తాళం పిల్లల చేతికి ఇవ్వకండి. పదహారు నిండితే చట్టం ఒప్పుకునేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికే. ఇప్పుడు మనం కొంటున్న స్కూటీలు దాదాపు అన్నీ అంతకంటే చాలా ఎక్కువ. 2019 సవరణ తర్వాత, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు గానీ బండి యజమానికి గానీ మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లకో పిల్లాడికో 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఇక మున్సిపల్ ఆఫీసు సంగతి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. జిల్లాకు కలెక్టరు అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉంది. ‘ట్రాఫిక్ సమస్య పరిష్కరించగలరు’ అని రాస్తే ఆ కాగితం ఫైలులో పడుకుంటుంది. ఏం కావాలో కొలతతో రాయాలి. గేటుకు రెండు వైపులా వంద మీటర్ల మేర కాలువ పలకలు సమంగా వేయాలి. గేటు ఎదురుగా జీబ్రా గీతలు, అదీ ఊరికే రంగు కాకుండా రోడ్డు కంటే కాస్త ఎత్తుగా కట్టిన అడ్డదారి కావాలి, దాని మీద బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. బడి వేళల్లో అక్కడ పార్కింగ్ నిషేధం బోర్డు ఉండాలి. ఫొటోలు జతచేయాలి, అర్జీ నంబరు రాసి దాచుకోవాలి, నెలకోసారి వెళ్లి అడగాలి. డాక్టర్లు, లాయర్లు, బ్యాంకు ఉద్యోగులు, కాంట్రాక్టర్లు మన తల్లిదండ్రుల్లోనే ఉన్నారు. ఆఫీసుల్లో మీ మాట వింటారు. నడిచి వెళ్లే ఆ హైస్కూలు పిల్లల నాన్న వెళ్లి అడిగితే అంత తొందరగా వినకపోవచ్చు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు బండి దూరంగా పెట్టి నడిచి రండి. దారిలో ఎన్నిచోట్ల రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిందో, ఎందుకు దిగాల్సి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకుని నాకు ఇవ్వండి. ఆ కాగితాలన్నీ కలిపి అర్జీకి మొదటి పేజీలుగా కుట్టి, ఆ తర్వాతి సోమవారం కలెక్టరేట్‌కు పట్టుకెళదాం.