కప్ప ఎప్పుడొచ్చింది? ఊరినే అడగాలి

తొలకరి పడగానే అండమాన్ పొలాల్లో పసుప్పచ్చటి కప్పలు బయటికొస్తాయి. గొంతుకి ఇరువైపులా నీలి తిత్తులు ఉబ్బించి అవి చేసే బెకబెకలు తెలుగువారికి కొత్త కాదు. అది మన బోదురు కప్పే. కోస్తా వరి రైతుకు పురుగుల్ని తినిపెట్టే నేస్తం. ఇలాంటి కప్పలు అంతరించిపోతున్నాయన్న ఆందోళనతోనే 1987లో కప్పకాళ్ల ఎగుమతిని కేంద్రం నిషేధించింది. అదే కప్ప సముద్రం దాటేసరికి చొరబాటుదారైంది.

అండమాన్ దీవుల్లో అది అడుగుపెట్టింది 2000 తర్వాతే. మెయిన్‌లాండ్ నుంచి తెచ్చిన చేపపిల్లల్లో దాని తోకకప్పలు కలిసిపోయి చెరువుల్లోకి చేరాయన్నది ప్రధాన వివరణ. కొందరు కావాలనే వదిలారన్న మాటా ఉంది. ఒక్కో ఆడకప్ప వేలల్లో గుడ్లు పెడుతుంది. దాని తోకకప్పలు పాచి తిని బతికే రకం కాదు, తోటి తోకకప్పల్నే మింగేస్తాయి. ప్రయోగంలో వీటితో కలిపి ఉంచిన స్థానిక జాతుల తోకకప్పల్లో ఒక్కటీ మిగల్లేదు. ఇక ఎదిగిన కప్పలు బల్లుల్నీ, చిన్న కప్పల్నీ తింటాయి. కోడిపిల్లల్నీ వదలడం లేదన్నది గ్రామస్థుల ఫిర్యాదు. మరెక్కడా కనిపించని జీవజాతులున్న దీవుల్లో ఇది చిన్న విషయమేమీ కాదు.

మరి ఏ ఏడాది ఏ ఊరికి వచ్చింది? క్రమపద్ధతిలో రాసిపెట్టినవారు లేరు. దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయం తరఫున పరిశోధన చేసిన నిత్య ప్రకాశ్ మొహంతి, ఆయన గురువు జాన్ మీజీ ఇందుకో తేలిక దారి పట్టారు. ఊరూరా తిరిగి జనాన్నే అడిగారు. ఈ కప్పను చూశారా, మొదట ఎప్పుడు చూశారు అని. జ్ఞాపకం తప్పొచ్చు, చూసీ గమనించనివారుంటారు, చూడకుండానే చూశామనేవారూ ఉంటారు. అందుకే ఒకరి మాట మీద ఆధారపడకుండా పలువురి సమాధానాలను గణాంక పద్ధతుల్లో సరిచూశారు. 2019లో వెలువడిన ఫలితం ప్రకారం 2009 తర్వాత ఈ కప్ప విస్తరణ జోరందుకుంది. మనుషులు నివసించే ఎనిమిది దీవుల్లో ఆరింటికి పాకింది. అడిగిన చోట్లలో కనీసం 62 శాతం దాని వశమయ్యాయి.

బోదురు కప్ప ఈ పద్ధతికి అతికినట్టు సరిపోయింది. పెద్దది, రంగు కొట్టొచ్చినట్టుంటుంది, అరుపు మరచిపోలేం. సునామీకి ముందా, తర్వాతా అని అడిగితే అక్కడ ఆ రోజులు గుర్తున్నవారెవరైనా తడుముకోకుండా చెప్పగలరు. అయితే నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి. ఈ దీవుల్లో స్థిరపడ్డవారిలో చాలామంది మెయిన్‌లాండ్ నుంచి వెళ్లినవారే, తెలుగువాళ్లూ తక్కువేం కాదు. సొంతూరి కప్ప కనిపిస్తే సంబరపడతారు గానీ అధికారులకు కబురు చేయాలని ఎవరికి తోస్తుంది? ఊరందరికీ కనిపించింది. అడిగినవారే లేరు. అడిగేసరికి కప్ప ఆరు దీవులు దాటింది.

ఇప్పుడీ సంగతి ఎత్తడానికి కారణం కొబ్బరి. దీవుల్లో అది తోటల్లోనే కాదు, పట్టణాల్లో ఇళ్ల పెరళ్లలోనూ నిలబడి ఉంటుంది. విప్పారని మొవ్వు ఆకుల్ని గీరి తినే బ్రాంటిస్పా పెంకుపురుగు 2000 ప్రాంతంలో అలంకరణ మొక్కలతో మాల్దీవులకు చేరింది. 2004లో థాయిలాండ్‌లో బయటపడింది. మన కొబ్బరిని పీడిస్తున్న సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో కనిపించి, ఎంతోకాలం కాకుండానే గోదావరి జిల్లాలకు వచ్చేసింది. మొలకల రవాణాకు దూరం ఓ లెక్క కాదు. విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి అండమాన్‌కు నౌకలు నడుస్తూనే ఉన్నాయి.

ఈ పురుగుల్ని గుర్తుపట్టడానికి శాస్త్రవేత్తే అక్కర్లేదు. మొవ్వు విచ్చుకున్నప్పుడు ఆకు కాలినట్టుంటే బ్రాంటిస్పాను అనుమానించాలి. ఆకు అడుగున తెల్లటి సుడులు, కింది ఆకుల మీద నల్లటి మసి కనిపిస్తే తెల్లదోమ. ఇది పెరట్లో బట్టలారేసే ఇల్లాలు కూడా చూసి చెప్పగలదు. కానీ చూశాక ఎవరికి చెప్పాలో ఆమెకు ముందే తెలిసుండాలి. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో నౌక దిగే ప్రతి ఒక్కరికీ కనిపించేలా ఒక ఫొటో, ఒక ఫోన్ నంబరు రేవు గోడ మీద అంటించడానికి పరిశోధన నిధులేం కావాలి?