తిరిగే డిష్ సరే... తిరగని డిష్ మాటేమిటి?

నంద్యాలలో ఏ డాబా ఎక్కి చూసినా గొడుగు యాంటెన్నాలే. చిన్నవి, పెద్దవి, తుప్పు పట్టినవి, తువ్వాళ్లు ఆరేసుకోవడానికి మాత్రమే పనికివస్తున్నవి. నెలనెలా కేబుల్‌కో, డీటీహెచ్‌కో కట్టే డబ్బు మిగుల్చుకుందామని కొందరి చూపు మళ్లీ పెద్ద గొడుగుల మీద పడుతోంది. అందులోనూ ఉత్సాహవంతులు మోటారుతో తిరిగే డిష్ కావాలంటున్నారు. ఒక్క డిష్‌తోనే ఆకాశంలోని ఉపగ్రహాలన్నింటినీ ఒకదాని తరువాత ఒకటిగా పట్టుకోవచ్చు గదా అన్నది వారి లెక్క.

లెక్క తప్పేమీ కాదు. అయితే ఇంట్లో అదొక్కటే డిష్ అయితే మాత్రం తప్పేనని నా అభిప్రాయం. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

రిటైరయిన ఏడు నేనూ ఎనిమిది అడుగుల జాలీ డిష్, మోటారు కొని డాబా మీద బిగించుకున్నాను. పగలంతా పుస్తకాలు, రాత్రి పది దాటాక ఉపగ్రహాల వేట. బాగానే సాగింది. ఒక రాత్రి తూర్పు కొసన ఉన్న ఉపగ్రహం కోసం డిష్‌ను బాగా వంచాను. మోటారు అక్కడే బిగుసుకుపోయింది. మెకానిక్ వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది. మా అమ్మకు ఎనభై దాటాయి. సాయంత్రమైతే సప్తగిరి వార్తలు చూడాలి. ఆ పదకొండు రోజులూ వేళకు కుర్చీ లాక్కుని కూర్చోవడం, సిగ్నల్ లేదన్న అక్షరాలు చూసి లేచిపోవడం. ఒక్కనాడూ నన్ను ఒక మాట అనలేదు. అంటే బాగుండేది.

ముందు రెండడుగుల డిష్

అందుకే తిరిగే డిష్ కొనదలచిన వారికి నా మొదటి సలహా, ముందు తిరగని డిష్ ఒకటి పెట్టుకోండి. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన దూరదర్శన్ ఉచిత సేవనే ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అంటున్నాం. 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదనున్న జీశాట్-15 నుంచి వస్తుంది. నెలసరి చందా లేదు. రెండడుగుల డిష్, ఒక బాక్సు చాలు. 2017లో మొదలైన స్వయంప్రభ విద్యా ఛానెళ్లు, ఒకటి నుంచి పన్నెండు తరగతుల పాఠాలు చెప్పే ఛానెళ్లు కూడా ఈ ఉపగ్రహం మీదనే ఉన్నాయి. చదువుకునే పిల్లలున్న ఇంటికి ఈ ఒక్క కారణం చాలు.

మన ఊరి నుంచి ఇది సరిగ్గా ఆగ్నేయ మూలకు, దాదాపు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్ ఒకసారి బిగించాక దాని జోలికి పోనక్కరలేదు. గట్టి వాన పడినప్పుడు కాసేపు బొమ్మ పోతుంది, మళ్లీ వస్తుంది.

ఈ చిన్న డిష్‌కే చిన్న మోటారు తగిలించి అమ్మజూపేవారున్నారు. ఒప్పుకోవద్దు. ఈ చిన్న డిష్‌లు పట్టే కేయూ బ్యాండులో మన ప్రాంతం మీద పడే ప్రసారాలలో అధిక భాగం చందా కంపెనీలవే. వాటికి తాళం వేసి ఉంటుంది. మోటారు ఎంత తిరిగినా ఆ తాళం తెరుచుకోదు.

మోటారు ఎవరికి?

మోటారుకు అర్థం ఉన్నది సీ బ్యాండు పెద్ద డిష్‌లకే. 66, 68.5, 83, 91.5, 93.5 డిగ్రీల మీద ఉన్న ఉపగ్రహాల నుంచి తాళం లేని ఛానెళ్లు కొన్ని వస్తాయి. ఈరోజు వచ్చింది రేపు తాళం పడవచ్చు, మరో ఉపగ్రహానికి మారనూవచ్చు. ఇది తెలిసి దిగాలి.

అయితే వీటికీ మోటారు తప్పనిసరి కాదు. 66, 68.5 పక్కపక్కనే ఉన్నాయి. 91.5, 93.5 కూడా అంతే. తిరగని డిష్ ఒక్కొక్క దానికి రెండేసి ఎల్‌ఎన్‌బీలు బిగిస్తే రెండు డిష్‌లతో నాలుగు ఉపగ్రహాలు దొరుకుతాయి. నాలుగు తీగలను కలిపే చిన్న స్విచ్చి ఒకటి కావాలి. ఛానెల్ మారడానికి రెప్పపాటు చాలు. మోటారైతే ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు జరిగే వరకు రిమోట్ పట్టుకుని కూర్చోవాలి. పైగా ఇంట్లో రెండు టీవీలుంటే రెండవ టీవీ వారు కూడా ఆ డిష్ వెంట తిరగవలసిందే. కాబట్టి ఛానెళ్ల కోసమే అయితే మోటారు వద్దు. వెదకడమే సరదా అయితే, డాబా ఖాళీగా ఉంటే, కొనండి.

కొనేవారు చూడవలసినవి

ఆరడుగుల డిష్ కంటే ఎనిమిది అడుగులది మేలు. ఆరడుగుల డిష్ చూపు కొంచెం వెడల్పు. రెండే డిగ్రీల దూరంలో ఉన్న ఉపగ్రహాలు దాని చూపులో కలిసిపోయే ప్రమాదం ఉంది. రేకు డిష్ కన్నా జాలీ డిష్ మంచిది. మన దగ్గర డిష్ ముఖం దాదాపు ఆకాశం వైపే ఉంటుంది గనుక రేకులో వాన నీరు నిలుస్తుంది. గాలి తాకిడి కూడా జాలీకి తక్కువ.

స్టాండు విషయంలో రాజీ పనికిరాదు. మోటారు డిష్‌కు పోలార్ మౌంటు అనే ప్రత్యేక స్టాండు కావాలి. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున వరుసగా ఉన్న ఉపగ్రహాలు మనకు ఒక విల్లులా కనిపిస్తాయి. ఒకే మోటారుతో డిష్ ఆ విల్లు వెంట నడవాలంటే పైపు నిట్టనిలువుగా ఉండి తీరాలి. ఒక్క డిగ్రీ వాలినా నడుమ ఉన్నవి దొరికి కొసలవి తప్పిపోతాయి. మేస్త్రీ చేత రసమట్టం పెట్టించి రెండు వైపులా చూపించండి. ఆ తరువాతే కాంక్రీటు.

మన నంద్యాల 78.5 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. థాయ్‌లాండ్ వారి థాయ్‌కామ్ ఉపగ్రహాల స్థానమూ 78.5 డిగ్రీలే. అంటే మనకు విల్లు నడినెత్తి అదే, నేరుగా దక్షిణాన, సుమారు 72 డిగ్రీల ఎత్తున. డిష్‌ను ముందు అక్కడ కుదిర్చి, తరువాత రెండు వైపులా జరుపుకుంటూ పోతే పని సులువు.

వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకు నైరుతిలో కట్టడం మన అలవాటు. 66, 68.5 డిగ్రీల ఉపగ్రహాలు కూడా ఇంచుమించు ఆ మూలనే. ఎత్తుగా ఉంటాయి గనుక భయం లేదు గాని, డిష్‌ను ట్యాంకుకు ఆనించి పెట్టవద్దు. ట్యాంకు డిష్ కన్నా పదడుగులు ఎత్తుంటే ఐదారడుగులైనా ఎడం వదలాలి.

మోటారు 36 వోల్టులది. లోపలికి నీరు దిగకుండా రబ్బరు తొడుగు ఉండాలి, చేరిన తేమ కారిపోయేందుకు రంధ్రం కిందివైపు ఉండేలా బిగించాలి. నా మోటారు బిగుసుకుపోయింది ఇక్కడే. రంధ్రం పైకి పెట్టారు. బిగించినవాడిది తప్పు, చూసుకోని నాది మరీ తప్పు. రెండు కొసలా ఆపే లిమిట్ స్విచ్చీలు పనిచేస్తున్నాయో లేదో డబ్బు ఇచ్చే ముందే చూడండి.

బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్-4, డీవీబీ-ఎస్2 ఉన్నదే అడగండి. ఎల్‌ఎన్‌బీ విషయంలో మరో జాగ్రత్త. 2022 అక్టోబరులో 5జీ మొదలైంది. అందుకు 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ వరకు కేటాయించారు. పాత సీ బ్యాండు ఎల్‌ఎన్‌బీలు 3400 నుంచే వింటాయి. పక్క వీధిలో టవరు ఉంటే బొమ్మ ముక్కలవుతుంది. 5జీ ఫిల్టరు ఉన్న ఎల్‌ఎన్‌బీ తీసుకోవాలి.

మా ఇంట్లో ఇప్పుడు డిష్‌లు రెండు. పెద్దది నాది, అది తిరుగుతుంది, అప్పుడప్పుడు మొరాయిస్తుంది. ఆగ్నేయం పిట్టగోడకు రెండడుగులది ఒకటి బిగించాము. అది బిగిస్తున్న రోజున అమ్మ కిందనుంచి కేకేసి అడిగింది, ‘ఇది కూడా తిరుగుతుందా నాయనా?’ అని.

‘తిరగదమ్మా’ అన్నాను.

‘అయితే సరే’ అని లోపలికి వెళ్లి టీవీ పెట్టుకుంది.