మన ముఖానికి రంగెవరు వెయ్యాలి?

ఈ పక్షం సంపాదకీయం ఒక బొమ్మ గురించి. కూలి రేట్ల తగాదాలుండగా, అట్రాసిటీ కేసులు కోర్టుల్లో నానుతుండగా బొమ్మల మాటెందుకని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. మనిషిని ముందు ముఖం లేనివాడిగా చేస్తేనే చంపడం తేలికవుతుంది. అందుకే ముఖం సంగతి తేల్చుకోవడం కూడా పోరాటంలో భాగమే అంటున్నాం.

ఆ బొమ్మలో ఉన్నది ఒక్క నల్ల తల. వెనకంతా నీలం. దాదాపు ఆరడుగుల కాన్వాసు నిండా అదే. పళ్ళు బిగించి ఉంది. జుట్టు ముళ్ళలా లేచి ఉంది. చర్మం వలిచి లోపలి ఎముకనూ నరాన్నీ బైట పెట్టినట్టుంటుంది. ఫలానావాడి పోలిక అందామంటే దొరకదు. కోపమా, భయమా, నొప్పా అంటే మూడూ. 1982లో వేసిన ఈ బొమ్మకు పేరు కూడా పెట్టలేదు. వేసినవాడు జాన్ మిషెల్ బాస్కియా. అమెరికాలో, న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టిన నల్ల కుర్రాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు.

ముక్కూ మొహం ఉన్నదున్నట్టు దించడం మాని, లోపల ఉడుకుతున్నదాన్ని గీతల్లోకీ రంగుల్లోకీ దించే ఈ తీరును ఎక్స్‌ప్రెషనిజం అంటారు. పేరు మనకు కొత్త గానీ సంగతి కొత్త కాదు. చావింటి దగ్గర మన ఆడవాళ్ళు శోకం తీస్తే శ్రుతి కుదిరిందా అని ఎవరూ చూడరు. విన్నవాళ్ళ కడుపు తరుక్కుపోతుంది. ఈ బొమ్మను కూడా అట్లాగే చూడాలి.

బాస్కియా ఏ చిత్రకళా కాలేజీలోనూ చదవలేదు. తండ్రి హైతీ నుంచి వలస వచ్చినవాడు. హైతీ అంటే 1791లో బానిసలు తిరగబడి, 1804లో సొంత దేశాన్ని నిలబెట్టుకున్న గడ్డ. తల్లిది ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుటుంబం. ఆమే పిల్లవాణ్ణి మ్యూజియాలకు తిప్పింది. 1968లో వీధిలో ఆడుకుంటుంటే కారు గుద్ది ఆస్పత్రిలో పడ్డాడు. అప్పుడు మనిషి ఒంటి లోపల ఏమేముంటాయో బొమ్మలతో చూపించే వైద్య పుస్తకం తెచ్చి ఇచ్చింది. తర్వాత అతని బొమ్మల్లో ఎముకలూ పుర్రెలూ నిండాయంటే ఆ పుస్తకం చలవే. హైస్కూలు మధ్యలో వదిలేసి, గోడల మీద రాతలు రాసి, పోస్టుకార్డుల మీద బొమ్మలేసి అమ్ముకుని బతికాడు. నల్లవాళ్ళున్న బొమ్మలు తనకు పెద్దగా కనపడలేదని, అందుకే తన బొమ్మల్లో నల్లమనిషిని ముందుంచానని చెప్పుకున్నాడు.

‘తనంతట తానే నేర్చుకున్నాడు’ అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. బడి తలుపు మూసినవాడే, బైట నిలబడి నేర్చుకున్నవాణ్ణి చూసి ‘గురువు లేకుండానే!’ అని ఆశ్చర్యపోతాడు. ఏకలవ్యుడి వేలు పోయిన సంగతి మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 1981లో బాస్కియా ఒక గ్యాలరీ కింది నేలమాళిగలో బొమ్మలు వేశాడు. నల్ల కుర్రాణ్ణి కింద కూర్చోబెట్టి వేయిస్తున్నారని పదిమందీ చెప్పుకున్నారు. తనే తెల్లవాడై ఉంటే, అక్కడే ఉండి పనిచేసుకునే ఆహ్వానిత చిత్రకారుడు అనేవాళ్ళని అతను జవాబిచ్చాడు. పని అదే, గది అదే, చర్మాన్ని బట్టి పేరు. మన దగ్గర జరిగేది మాత్రం ఏంటి? తోలు పదును చేసి డప్పు కట్టినవాడిది కులవృత్తి. వేదికెక్కి మృదంగం వాయించినవాడిది కళ.

1984లో సుమారు 20 వేల డాలర్లకు అమ్ముడైన ఆ తల, 2017 మే నెలలో న్యూయార్కు వేలంలో 11 కోట్ల 5 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన మన డబ్బులో 700 కోట్ల పైమాట. బాస్కియా మాత్రం 1988లోనే, 27 ఏళ్ళకే మత్తుమందుకు బలైపోయాడు. ఈ ధర చూసి మనం మురిసిపోనక్కర్లేదు. గోడకు తగిలించిన నల్ల తలకు కోట్లు పోసిన ఊళ్ళోనే, వీధిలో నడిచే నల్ల తలకు విలువ లేదు. 1983లో మైకేల్ స్టూవర్టు అనే 25 ఏళ్ళ నల్ల యువకుణ్ణి, రైలు స్టేషన్ గోడ మీద రాశాడని పోలీసులు పట్టుకున్నారు. స్పృహ లేని స్థితిలో ఆస్పత్రికి చేరి, 13 రోజులకు చనిపోయాడు. 1985లో అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ పోలీసులంతా నిర్దోషులని తేల్చింది. ఆ చావును బాస్కియా తోటి చిత్రకారుడు కీత్ హేరింగ్ స్టూడియో గోడ మీద గీశాడు. లాఠీలెత్తిన ఇద్దరు పోలీసులకు గులాబీ రంగు ముఖాలున్నాయి. మధ్యలో స్టూవర్టుకు ముఖం లేదు. ఉత్త నల్ల నీడ.

ఆ నీడను చూస్తే చుండూరు గుర్తుకు రాదా? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. మనవాళ్ళ ముఖాలు పేపర్లో పడేది ఎప్పుడు? శవాలయ్యాకనే కదా!

న్యూయార్కు మనకు మరీ పరాయి ఊరేం కాదు. 1913లో బాబాసాహెబ్ చదువుకు వెళ్ళిన కొలంబియా యూనివర్సిటీ అక్కడిదే. 1946లో ఆయన నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్స్ తమ పేరును అమెరికా బ్లాక్ పాంథర్ల నుంచి తీసుకున్నారు. ఆ తోవలోనే ఈ నల్ల తలనూ మనవాడలకు తెచ్చుకుందాం.

ఎందుకంటే దీని అవసరం మన బళ్ళలోనే ఉంది. పిల్లల రంగుల పెట్టెలో లేత గులాబీ ముక్కను ‘స్కిన్ కలర్’ అంటారు. ఎవరి స్కిన్ అది? మన పిల్లలు తమ ముఖం తాము గీసుకుని దానికి ఆ రంగే పూస్తుంటే పంతుళ్ళం చూస్తూనే ఉన్నాం. అట్లా పూయమని ఎవరూ బెత్తం పట్టుకుని చెప్పలేదు. సినిమా చెప్పింది, క్యాలెండరు చెప్పింది, పాఠ్యపుస్తకం చెప్పింది. తన ముఖానికి తన రంగు వేసుకోలేని పిల్లవాడు రేపు ఊరి పెద్ద ముందు తలెత్తి ఎట్లా నిలబడతాడు?

పల్లెపల్లెనా బాబాసాహెబ్ విగ్రహం నిలబెట్టుకున్నాం. అందుకోసం దెబ్బలు తిన్నాం. అది మన ఆత్మగౌరవం. మరి ఆ విగ్రహం చుట్టూ బతికే మనుషుల ముఖాలేవీ? డక్కలోళ్ళు పటం విప్పి జాంబపురాణం చెప్పిన వాడలు మనవి. బొమ్మ మనకు ఎవరో పెట్టిన భిక్ష కాదు.

సంఘం కార్యకర్తలకు, తోటి టీచర్లకు మా మనవి ఒక్కటే. పిల్లల చేతికి బొగ్గు ముక్క, సున్నం, ఇటుక ముక్క ఇవ్వండి. సంఘం గోడనూ ఇంటి గోడనూ వదిలిపెట్టండి. నాట్లేసే అమ్మను, డప్పు కొట్టే తాతను, మోరీ ఎత్తే అన్నను గీయమనండి. ముక్కు వంకరపోతే పోనివ్వండి. నలుపును మాత్రం నలుపుగానే వేయమనండి. శవమయ్యాక పేపర్లో పడే ముఖాలు మనకొద్దు. బతికుండగానే గోడ మీద నిలబడి, ఊరిని సూటిగా చూసే ముఖాలు కావాలి.