యెమెన్ యుద్ధం: ఏ పక్షం లెక్కలోనూ లేని ముహమషీన్

ఎర్ర సముద్రానికి దక్షిణ ద్వారం బాబ్ అల్ మందబ్. ఆసియా నుంచి సూయజ్ కాలువకు పోయే ఓడలు ఆ ఇరుకు జలసంధి దాటాల్సిందే. 2023 నవంబరులో హౌతీలు ఓడలపై దాడులు మొదలుపెట్టాక యెమెన్ మన టీవీ చర్చల్లోకీ వచ్చింది. ఇరాన్ ఏమంటుంది, సౌదీ ఏం చేస్తుంది, చమురు ధర ఎంత పెరుగుతుంది... అంతా ఇదే. ఆ దేశంలో వీధులు ఊడ్చేది ఎవరని ఎవరూ అడగలేదు. మనం అడగాలి.

వాళ్లు ముహమషీన్. అరబ్బీలో 'అంచుకు నెట్టేసినవాళ్లు' అని అర్థం. అంతకుముందు సమాజం పిలిచిన పేరు 'అఖ్దామ్', అంటే సేవకులు. నల్లని ఒళ్లు, ఊరి చివర రేకులూ అట్టలతో కట్టిన గుడిసెలు, తరతరాలుగా చేతిలో చీపురు. మతం అదే, భాష అదే. వియ్యం మాత్రం ఉండదు. 6వ శతాబ్దంలో దండెత్తి వచ్చిన అబిసీనియా సైనికుల సంతతి అని వాళ్ల గురించి ఒక కథ చెబుతారు. అది నిజమో కాదో గానీ, వాళ్లను బయటివాళ్లుగా ఉంచడానికి బాగా పనికొస్తోంది. పుట్టుకకు పాత నేరం అంటగట్టే కథలు మనకు తెలియనివి కావు.

ఇస్లాంలో, క్రైస్తవంలో అంటరానితనం లేదు కాబట్టి దళిత ముస్లింలకు, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా అక్కర్లేదని 1950 రాష్ట్రపతి ఉత్తర్వును సమర్థించేవాళ్లు వాదిస్తారు. గ్రంథంలో లేనిది సమాజంలో ఉండదా? సనా శివార్లు చూస్తే తెలుస్తుంది. (దీన్ని ముస్లింలను తిట్టడానికి వాడుకుందామనుకునేవాళ్లు ముందు తమ ఊరి వాడ వైపు చూసుకోవాలి.)

ముహమషీన్ ఎంతమంది? 5 లక్షలు అనేవారున్నారు, 35 లక్షలు అనేవారున్నారు. లెక్కపెట్టే అవసరం ఏ ప్రభుత్వానికీ కలగలేదు. యుద్ధానికి కాస్త ముందు తాయిజ్ ప్రాంతంలో యునిసెఫ్ చేసిన సర్వేలో పెద్దవాళ్లలో ఐదుగురికి ఒక్కరికే చదవడం, రాయడం వచ్చని తేలింది. పుట్టుక నమోదైన పిల్లలు 9 శాతమే. పుట్టిన కాగితం లేకపోతే గుర్తింపు కార్డు రాదు. కార్డు లేకపోతే బడి కష్టం, సహాయ సామగ్రి కోసం జాబితాలో పేరు ఎక్కడం ఇంకా కష్టం. 2015 మార్చిలో సౌదీ కూటమి బాంబులు వేయడం మొదలుపెట్టాక చాలామంది బంధువుల ఇళ్లకో, తమ తెగ దగ్గరికో పోయారు. ముహమషీన్‌కు అండగా నిలిచే తెగ లేదు. ఖాళీ పొలాల్లో ఉండిపోయారు.

అంతకుముందు ఒక్క అవకాశం వచ్చింది. 2011 తిరుగుబాటుతో 33 ఏళ్ల సలేహ్ పాలన ముగిసింది. 2013లో జాతీయ సంప్రదింపుల సదస్సు మొదలైంది. 565 మంది ప్రతినిధుల్లో ముహమషీన్ ఒక్కరే. అయినా ప్రభుత్వ ఉద్యోగాల్లో 10 శాతం వాటా ఇవ్వాలన్న సిఫారసు సాధించారు. 2014 సెప్టెంబరులో హౌతీలు సనాను పట్టుకున్నారు. సిఫారసు కాగితం మీదే ఉండిపోయింది.

హౌతీ నాయకత్వం హాషిమీ కుటుంబాలది, అంటే ప్రవక్త వంశీయులమని చెప్పుకునేవాళ్లది. ఆ వర్గం నుంచి వచ్చిన ఇమాములే 1962 దాకా ఉత్తర యెమెన్‌ను ఏలారు. 2020లో హౌతీలు కొత్త జకాత్ నిబంధనలు తెచ్చి, చమురు, ఖనిజాల వంటి సంపదలో ఐదో వంతు వసూలుకు, అందులో హాషిమీలకు వాటాకు దారి వేశారు. ఆ రోజుల్లోనే ముహమషీన్‌కూ ఒకటి ఇచ్చారు: పేరు. 'బిలాల్ మనవలు' అన్నారు. బిలాల్ ప్రవక్త సహచరుడు, బానిసత్వం నుంచి విముక్తుడైన నల్లజాతివాడు. గౌరవమైన పేరే. ఆ పేరుతోనే వాళ్ల యువకులను యుద్ధానికి చేర్చుకున్నారు. చీపురు మాత్రం ఎవరి చేతిలోనిది వాళ్ల చేతిలోనే ఉంది. 'హరిజన' అనిపించుకున్నవాళ్లకు ఈ వరస విడమరిచి చెప్పనక్కర్లేదు.

అవతలి పక్షమూ తక్కువ తినలేదు. అంతర్జాతీయ గుర్తింపు ఉన్న ప్రభుత్వం ఆ సదస్సు ఫలితాలే తన పునాది అంటుంది గానీ, 10 శాతం ఊసెత్తదు. 2018 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో ఇరుపక్షాలూ కూర్చుని మూడింటిపై ఒప్పుకున్నాయి: హుదైదా ఓడరేవు, ఖైదీల మార్పిడి, తాయిజ్‌పై ఉమ్మడి కమిటీ. ఆ తాయిజ్‌లోనే యునిసెఫ్ ముహమషీన్ గుడిసెలు లెక్కపెట్టింది. ఒప్పందంలో వాళ్ల మాట లేదు.