పటము చూడక ప్రాచీనత చాటనేల?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో మన భాషవారు కూడిన సభ యేదియైనను వేదికపైనుండి ఒక మాట తప్పక వినవచ్చును: “మనము విజయనగర ప్రభువుల కాలమునుండి ఇచ్చటివారము.” చప్పట్లు మ్రోగును. శాలువలు కప్పుదురు. సభ ముగియును. మరునాడు ఆ వక్తనే కలిసికొని, “అయ్యా, తమ గ్రామపు చెరువునకు నీరు ఏ వంకనుండి వచ్చుచుండెను? తమ తాతగారి నాడు సంతకు పోవు బండిబాట ఏ దిన్నెమీదుగా నడచెను?” అని యడిగినచో సమాధానము రాదు. నాలుగువందల యేండ్ల ప్రాచీనతను చాటువారికి నలువదియేండ్ల క్రిందటి చెరువుకట్ట జాడ తెలియదు. ఈ స్థితి మనకు సిగ్గుచేటని మేము నిర్మొగమాటముగా చెప్పుచున్నాము.

మా వాదము ఒక్కటే. పల్లెల గతమును తెలిసికొనుటకు సామాన్యునకు సైతము అందుబాటులోనున్న సాధనము పాత సర్వే పటము. దానిని మనము చదువవలెను. ఎవరు ముందు వచ్చిరను కొట్లాటకు కాదు. ఏది పోయినది, ఏది ఇంకను నిలుపుకొనవచ్చును అని తెలిసికొనుటకు.

మన సీమ కొలతగొలుసునకు కొత్తది కాదు. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు కుంఫిణీవారి వశమైనపుడు అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో మున్నగువారు ఇచ్చటి భూములను కొలిపించిరి. 1799లో టిప్పు సుల్తాను మరణించిన పిదప హోసూరు సీమయు వారి చేతికి వచ్చెను. 1802లో మద్రాసు చెంత సెయింట్ థామస్ కొండవద్ద లాంబ్టన్ ఆధారరేఖను కొలిచి త్రికోణముల కొలత నారంభించెను. 1804లో బెంగుళూరువద్ద మరియొక ఆధారరేఖ కొలువబడెను. ఆ కాలముననే మైసూరు సర్వే నడపిన కాలిన్ మెకంజీకి కుడిభుజములైనవారు ఏలూరి కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. బొర్రయ్య 1803లో గతించినను, ఊరూరి పెద్దలను విచారించి వృత్తాంతములు సేకరించు పనిని తమ్ముడు కొనసాగించెను. అనగా భూమిని కొలుచుట, ఊరి కథను వ్రాసికొనుట అను రెండు పనులును జోడుగా నడచిన ఆ యుద్యమములో తెలుగువారి శ్రమ కలదు. ఆ సంతతివారమని చెప్పుకొను మనము పటము విప్పుటకు బద్ధకించుట ఏమి న్యాయము?

ఇరువదవ శతాబ్దియందు భారత సర్వే శాఖవారు అంగుళమునకు ఒక మైలు చొప్పున రంగులలో అచ్చొత్తించిన షీట్లు మన పనికి మిక్కిలి అనువైనవి. వాని సంఖ్యలను చూచి బెదరనక్కరలేదు. మన ప్రాంతము 57వ సంఖ్యలోనిది. అందు హోసూరు హెచ్ అక్షరపు భాగమునను, కృష్ణగిరి ఎల్ అక్షరపు భాగమునను వచ్చును. ఒక్కొక్క అక్షరపు భాగము మరల పదునారు షీట్లు. సరకు మూటలమీది గురుతులు చదువగల గుమాస్తాకు ఈ లెక్క ఒక పూటలో పట్టుబడును. నీలిరంగు నీరు, గోధుమరంగు గీతలు ఎత్తుపల్లములు, ఆకుపచ్చ అడవి, పసుపు సాగుభూమి. షీటు అంచున సర్వే చేసిన సంవత్సరము ఉండును. మొదట దానిని చదువవలెను. అచ్చయిన యేడు వేరు, కొలిచిన యేడు వేరు.

ఇట్టి పాత షీటును నేటి షీటు ప్రక్కన పరచి చూచినవానికి గ్రామము మాటలాడును. మన వృద్ధులు “చిన్నరైలు” కథలు చెప్పునపుడు పిల్లలు నవ్వుచుందురు. కాని మొరప్పూరునుండి 1906లో ధర్మపురి వరకును, 1913లో హోసూరు వరకును చిన్నగేజి రైలుమార్గము నిజముగా నడచెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున దానిని ఎత్తివేసిరి. పట్టాలు పోయినను పాత షీటుమీద ఆ గీత నిలిచియున్నది. నేటి బ్రాడ్‌గేజి మార్గమునే చూచినవాడు ఒకానొక పల్లెలో అంగళ్లెందుకు వెలసినవో, మరియొక పల్లె ఎందుకు చిక్కిపోయినదో ఊహింపజాలడు. కృష్ణగిరి ఆనకట్ట 1950 దశకములో కట్టబడినది. అంతకు పూర్వపు షీటులో దక్షిణ పినాకిని అడ్డు లేక ప్రవహించుచు కనబడును. ఆ జలాశయము క్రింది నేల ఒకనాడు ఎట్లుండెనో తెలుపునది ఆ షీటే.

ఇక చెరువుల మాట. మన ప్రాంతమున “సంద్రము” అని ముగియు ఊరిపేర్లు అనేకములు. సరిహద్దునకు ఆవల కర్ణాటకములోని బొమ్మసంద్ర వంటివియు ఆ కోవలోనివే. పెద్ద చెరువును సముద్రమని పిలుచు వాడుకనుండి పుట్టిన పేరది. నేడు అట్టి ఊరిలో చెరువు కనబడనిచో, మొదట అడుగవలసిన ప్రశ్న “నీరేమైనది?” అని. పాత షీటులో కట్ట, వంక, పల్లపు ఆయకట్టు గురుతులుండవచ్చును. ఒకదాని అలుగునీరు మరియొకదానికి చేరునట్లు వరుసలుగా నమర్చిన చెరువులను పెద్దలు ఎంత తెలివితో నిర్మించిరో ఎత్తుపల్లముల గీతలు తెలుపును. నడుమ ఒక్క కుంటను పూడ్చినచో క్రిందివానికి కరవు, పైవానికి ముంపు. ఇది చరిత్రమే కాదు, మన యిండ్ల గుమ్మములకు సంబంధించిన సంగతి.

మేమెరిగిన యొక గ్రామమున కుంటను చదునుచేసి ఇండ్లస్థలములుగా అమ్మజూచిరి. సంబంధిత కార్యాలయమువారు అచ్చట నీటిపట్టు ఉన్నట్లు దాఖలా లేదని సెలవిచ్చిరి. మన సంఘమువారు పాత షీటు నకలును ముందుంచిన పిదపనే గ్రామనకాసు అలమారునుండి బయటికి వచ్చెను. కుంట యావత్తు దక్కలేదు. నీరు తెచ్చు కాలువ మాత్రము దక్కినది. పదియేండ్లు ముందుగా చూచియుండినచో కట్టయు దక్కెడిది.

ఇచ్చట ఒక హెచ్చరిక. సర్వే శాఖవారి షీటు భూమి హక్కునకు పత్రము కాదు. అందు పట్టాదారు పేరుండదు, సర్వే నంబరుండదు. హక్కు తేల్చునవి రెవెన్యూవారి గ్రామనకాసు, పొలము కొలతల పుస్తకము, అడంగలు మొదలగునవి. షీటు చేయునది, ఏ దాఖలాను అడుగవలెనో మనకు చూపుట. చెరువులు, కుంటలు ప్రజల ఉమ్మడి సంపదయని, వానిని కాపాడవలెనని 2001లో సుప్రీంకోర్టు హించ్‌లాల్ తివారీ వ్యాజ్యములో తీర్పు చెప్పినది. చెరువుల ఆక్రమణలను తొలగించుటకు తమిళనాడులో 2007 నాటి చట్టము కలదు. చట్టమున్నను, ఇచ్చట చెరువుండెనని అడుగువాడు లేనిచో అది కాగితమే.

మా మాటకు ఎదురువాదములు లేకపోలేదు. “ఇవి దొరలు శిస్తుకొరకును సైన్యముకొరకును గీయించిన పటములు, ఇవి మన చరిత్ర యెట్లగును?” అని కొందరందురు. శిస్తుకొరకనుట నిజమే. అందువలననే వానికి ఒక విలువ కలదు. గీసినవానికి మన గొప్పలతో పనిలేదు, మన పొరుగువారి గొప్పలతోను పనిలేదు. ఎవనిని మెప్పించుటకును వాడు చెరువును పెంచలేదు. అయితే వాని కన్నులకు ఆననివియు కలవు. అంగుళమునకు మైలు చొప్పున గీసిన షీటులో పది గుడిసెల వాడ ఒక చుక్క, దానికి పేరుండకపోవచ్చును. పేదల వాడలను పటమున లేవని చెప్పి చరిత్రనుండి తోసివేయువాడు పటమును చదివినవాడు కాడు. మరియు పేర్లన్నియు ఆంగ్లాక్షరములలో వ్రాయబడినవి. కోటపల్లియో, కోతపల్లియో, కొత్తపల్లియో ఆ లిపిని చూచి నిర్ణయింపలేము. ఊరి ముసలివారిని అడిగి తీరవలెను.

రెండవ తెగవారు మాకు మరింత బాధ కలిగించుచున్నారు. వీరు పటము దొరకగానే “పల్లి” అని ముగియు పేర్లకు ఎఱ్ఱసిరాతో సున్నలు చుట్టి, “ఇవి యన్నియు తెలుగువారివి” అని లెక్కింతురు. పల్లి యన్నది తెలుగువారి సొత్తు మాత్రమేనా? తమిళులకును పళ్లి కలదు, కన్నడిగులకు హళ్లి కలదు. హోసూరు పేరు కన్నడము, కొత్త ఊరు అని యర్థము. అందు తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా వసించుచున్నవి, పాలన తమిళమున జరుగుచున్నది. ఊరిపేరును పట్టి ఊరి యజమానిని తేల్చు విద్య ఎక్కడనులేదు. ఆ వాదమునకు దిగినచో, అదే పటముతో రేపు మన పొరుగువారు మనలను వెలివేయగలరు. మైనారిటీగా బ్రదుకువారు తమ కత్తికి తామే పదునుపెట్టి ఎదుటివాని చేతికిచ్చుట వివేకము కాదు.

ఊరిపేర్లను గూర్చి పట్టింపు వలదని మా యభిప్రాయము కాదు. 2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వము 1018 ఊళ్ల పేర్ల ఆంగ్ల వర్ణక్రమమును తమిళ ఉచ్చారణకు అనుగుణముగా మార్చుచు ఉత్తర్వు వెలువరించి, కొలది దినములలోనే ఉపసంహరించుకొనెను. ఆనాడు మనలో ఆగ్రహించినవారు పలువురు. పాత షీట్లు తిరగవేసి, ఏ యూరి పేరు ఏ యేట ఎట్లు వ్రాయబడినదో పట్టిక తయారుచేసినవారిని మాత్రము మేము చూడలేదు. తూకపురాళ్లు లేక త్రాసు పట్టుకొని అంగడిలో అరచినందువలన బేరము కుదురదు.

“పటములు దొరకవు” అను సాకు నేడు చెల్లదు. ఒకప్పుడు కట్టుబాట్లుండెను. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వము పటముల విషయమై నిబంధనలను మిక్కిలి సడలించినది. భారత సర్వే శాఖవారి నేటి షీట్లను ఇంటర్నెట్టు ద్వారా పొందవచ్చును. 1950 దశకములో అమెరికా సైన్యమువారు అంగుళమునకు సుమారు నాలుగు మైళ్ల చొప్పున ముద్రించిన మన దేశపు పటములను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమువారు ఉచితముగా చూపుచున్నారు. చెన్నపట్టణము ఎగ్మూరులో రాజ్యపత్రాగారము కలదు. దారి ఖర్చు తప్ప వేరు పెట్టుబడి లేదు.

కావున మేము కోరునది ఇది. ప్రతి గ్రామశాఖయు తన గ్రామపు షీటు నకళ్లు రెండు, ఒకటి పాతది, ఒకటి కొత్తది, సంపాదింపవలెను. హైస్కూలు పిల్లలను నలుగురిని, ఊరి వృద్ధులను నలుగురిని వెంటబెట్టుకొని కట్టలు, వంకలు, బాటలు నడచి చూడవలెను. ఆ వృద్ధులలో తమిళము, కన్నడము పలుకువారును ఉండవలెను, స్త్రీలును ఉండవలెను. నీళ్లు మోసినవారికి తెలిసిన బావి పేరు మనబోటి అంగడివారికి తెలియదు. దొరికిన ప్రతి పేరును మూడు లిపులలో వ్రాయవలెను. పోయిన చెరువులను వేరుగా పట్టికవేసి, రెవెన్యూ దాఖలాలతో సరిచూచి, తాలూకా కార్యాలయమున అర్జీ దాఖలు చేయవలెను. మన పిల్లవాడు తెలుగులో వ్రాయు మొదటి పెద్దవ్యాసము తన ఊరి చెరువును గూర్చియే యగుగాక.

రాబోవు ఉగాది సభలో ప్రాచీనత మాట ఎత్తదలచిన పెద్దలు ముందుగా తమ గ్రామపు షీటును బల్లమీద పరచి, చెరువును వ్రేలితో చూపవలెను. చూపలేనివారికి కప్పు శాలువకు మా అంగడినుండి ఒక్క పైసయు చందా రాదు. చూపగలవారి కుంట మరమ్మతునకు మొదటి చందా మాది.