నిలిచి ఉండే కంపెనీకే గిరాకీ

2017 ఏప్రిల్ 27న దక్షిణ కొరియా కంపెనీ కియా, అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ పెట్టడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంది. సరిగ్గా మూడు వారాల తర్వాత, మే 18న, అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ ఇక భారత్‌లో షెవర్లే కార్లు అమ్మబోమని ప్రకటించింది. 2021 సెప్టెంబరు 9న ఫోర్డ్ కూడా ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్లు చెప్పింది. పన్నులు అవే, రోడ్లు అవే, కొనేవాళ్లూ వాళ్లే. ఒక కంపెనీ 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో అడుగుపెట్టిన మార్కెట్‌ను మరో రెండు కంపెనీలు నష్టాల లెక్క చూపించి వదిలేశాయి. 2023 జులై నాటికి పెనుకొండ నుంచి పది లక్షల కియా కార్లు బయటికొచ్చాయి.

కష్టాల్లో ఉన్న అమెరికా కార్ల కంపెనీలు కొనుగోలుదారును మళ్లీ గెలుచుకోగలవా అన్న ప్రశ్నకు డెట్రాయిట్‌లో ఎంత విలువ ఉందో, రాజమహేంద్రవరంలోనూ భీమవరంలోనూ అంతే ఉంది. మన పిల్లలు మిషిగన్‌లో ఆ కంపెనీల్లోనే ఇంజినీర్లు. మన చెరువుల్లో పెరిగిన రొయ్యకు పెద్ద గిరాకీ అమెరికాదే. మన ఊళ్లలో ఇప్పటికీ ఫోర్డ్, షెవర్లే బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. నా జవాబు ఒక్కటే: గెలుచుకోగలవు, కానీ కొత్త మోడల్ చూపించి కాదు. ఇక వెళ్లిపోం అన్న నమ్మకం ముందు కలిగించాలి. ఆ నమ్మకం లేకుండా ఎంత మంచి కారు తెచ్చినా గోదావరి జిల్లాల్లో దాన్ని కొనేవాళ్లు దొరకరు.

డెల్టాలో కారు కొనేవాడి లెక్క షోరూములో పూర్తికాదు. ఏటిగట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే బండి పక్కకు దిగాలి. వర్షాకాలంలో పుంతలో అడుగు తగలకుండా నడవాలి. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా తీరం పొడవునా ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. గోదావరికి వరదొస్తే లంక గ్రామాల దారులు మునుగుతాయి. ఇంత వాడకంలో ఏదో ఒక భాగం అరుగుతుంది, విరుగుతుంది. ఆ భాగం అమలాపురంలోనో తణుకులోనో దొరుకుతుందా, బండి విప్పగలిగిన మెకానిక్కు ఊళ్లో ఉన్నాడా, అయిదేళ్ల తర్వాత అమ్మితే ఎంతొస్తుంది అన్నవి అసలు ప్రశ్నలు. ట్రావెల్స్ నడిపేవాడికైతే ఇవి మరీ ముఖ్యం. పెళ్లిళ్ల సీజన్లో బండి వారం రోజులు షెడ్డులో ఉంటే అతనికి ఆ నెల వాయిదా కట్టడమే కష్టం. అంటే ఇక్కడి కొనుగోలుదారు కారుతో పాటు కంపెనీ రాబోయే పదేళ్లనూ కొంటున్నాడు.

ఈ లెక్కతో చూస్తే అమెరికా కంపెనీలు ఓడింది కారు దగ్గర కాదు. భారత్ కోసమే తీర్చిదిద్ది 1999లో ఫోర్డ్ తెచ్చిన ఐకాన్‌కు మంచి పేరొచ్చింది. 2010లో వచ్చిన ఫిగో మరుసటి ఏడాదికి ఇండియన్ కార్ ఆఫ్ ద ఇయర్ అవార్డు గెలుచుకుంది. టయోటా క్వాలిస్ తయారీ ఆపేశాక కిరాయి బండ్ల వాళ్లలో చాలామంది షెవర్లే తవేరా వైపు మళ్లారు. అన్నిటికీ మించి 2013 జూన్‌లో వచ్చిన ఎకోస్పోర్ట్. నాలుగు మీటర్ల లోపు పొడవుంటే దక్కే పన్ను రాయితీని వాడుకుంటూ, నేలకు ఎత్తుగా ఉండే బండిని మధ్యతరగతికి అందుబాటులోకి తెచ్చిన కారు అది. గట్టు రోడ్లకూ గుంతల రోడ్లకూ సరిగ్గా సరిపోయే ఆలోచన. ఈ రోజు మన వీధుల్లో కనిపించే బ్రెజా, నెక్సాన్, వెన్యూ, సోనెట్ అన్నీ ఎకోస్పోర్ట్ తెరిచిన దారిలో వచ్చినవే.

దారి చూపిన కంపెనీ ఎందుకు నిలవలేకపోయింది? ఎకోస్పోర్ట్‌కు ఫోర్డ్ 2017లో పైపై మార్పులు చేసిందే తప్ప, ఎనిమిదేళ్లలో కొత్త తరం కారు తీసుకురాలేదు. ఈలోగా పోటీ కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి కొత్త బండ్లు దించాయి. చెన్నై, సాణంద్ ఫ్యాక్టరీల సామర్థ్యం కలిపి ఏడాదికి నాలుగు లక్షల పైచిలుకు కార్లయితే, చివరికి అందులో అయిదో వంతు మాత్రమే వాడకంలో ఉంది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నిర్వహణ నష్టాలు వచ్చాయని వెళ్లేటప్పుడు ఫోర్డే చెప్పింది. మహీంద్రాతో పెట్టదలచిన ఉమ్మడి సంస్థ ఒప్పందం కూడా 2020 చివర్లో రద్దయింది. జనరల్ మోటార్స్ నమ్మకాన్ని మరోలా పోగొట్టుకుంది. కాలుష్య పరీక్షల్లో అవకతవకలు బయటపడి 2013లో లక్షా 14 వేల తవేరాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది.

కంపెనీ వెళ్లిపోతే దెబ్బ ఎవరికి తగులుతుందో గమనించాలి. స్పేర్లు, సర్వీసు, వారంటీ కొనసాగిస్తామని ఫోర్డ్ మాట ఇచ్చింది, సర్వీసు నడుస్తోంది కూడా. అయినా వెళ్లిపోయిన కంపెనీ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనాలంటే ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఆ ఆలోచన ఖరీదంతా ఇప్పటి యజమాని జేబులోంచే పోతుంది. ఇక డీలర్ల సంగతి. ఫోర్డ్‌కు దేశమంతటా 170 మంది డీలర్లు, 391 షోరూములు ఉన్నాయని, వాటిలో రెండు వేల కోట్ల రూపాయల పెట్టుబడి ఇరుక్కుందని డీలర్ల సమాఖ్య ఫాడా అప్పట్లో మొరపెట్టుకుంది. ఆ కౌంటర్ల దగ్గరా సర్వీసు షెడ్లలోనూ పనిచేసిన కుర్రాళ్ల జీతాలు ఆ లెక్కలోకి రావు.

ఇది మొదటిసారి కూడా కాదు. ఫోర్డ్ 1926లో, జనరల్ మోటార్స్ 1928లో భారత్‌కు వచ్చి, విడిభాగాలు ఓడల్లో తెప్పించి ఇక్కడ బిగించి అమ్మాయి. విడిభాగాలు బిగించడంతో సరిపెట్టే కంపెనీలకు ఇక చోటు లేదు, ఇక్కడే తయారుచేయాలి అని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేసేసరికి రెండూ సర్దుకుని వెళ్లిపోయాయి. అమెరికన్ జీపును 1940ల చివర్లో బిగించడం మొదలుపెట్టిన మహీంద్రా మాత్రం ఇక్కడే ఉండి, ఆ బండిని మన రోడ్లకు తగ్గట్టు మార్చుకుంటూ థార్ దాకా వచ్చింది.

భారత్‌లో పన్నులు ఎక్కువ, లాభాలు తక్కువ, చౌక కారు తప్ప ఇంకేదీ అమ్ముడుపోదు అన్నది ఆ కంపెనీల తరఫున వినిపించే వాదన. పన్నులు ఎక్కువే, అందులో అబద్ధం లేదు. కానీ అవే పన్నుల కింద హ్యుందాయ్ 1998లో శాంత్రోతో మొదలుపెట్టి, 2024 అక్టోబరులో 27,870 కోట్ల రూపాయల పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. అమెరికన్లు వదిలేసిన ఫ్యాక్టరీలు ఏమయ్యాయో చూస్తే ఆ వాదన ఇంకా పలచబడుతుంది. జనరల్ మోటార్స్ హలోల్ ప్లాంటులో ఇప్పుడు ఎంజీ కార్లు తయారవుతున్నాయి. తలేగావ్ ప్లాంటు హ్యుందాయ్ చేతికి వెళ్లింది. ఫోర్డ్ సాణంద్ ప్లాంటును టాటా మోటార్స్ 725 కోట్ల 70 లక్షల రూపాయలకు కొనుక్కుంది. అదే గోడల మధ్య, అదే దేశపు కార్మికులతో వేరేవాళ్లు కార్లు చేసి అమ్ముతున్నారు. కాబట్టి లోపం నేలది కాదు, పనివాడిది అంతకన్నా కాదు.

అసలు కారణం అమెరికాలోనే ఉంది. 1964 నుంచి అక్కడ దిగుమతి అయ్యే పికప్ ట్రక్కుల మీద 25 శాతం సుంకం ఉంది. యూరప్ దేశాలు అమెరికా కోడిమాంసంపై సుంకం వేశాయన్న కోపంతో పెట్టినది ఇప్పటికీ కొనసాగుతోంది. ఆ గోడ చాటున పెద్ద పికప్‌ల మీద వచ్చే లాభం డెట్రాయిట్‌కు అలవాటైపోయింది. చిన్న కారు చేసి, తక్కువ లాభంతో లక్షల సంఖ్యలో అమ్మే ఓర్పు తగ్గిపోయింది. 2008లో ప్రపంచంలో అత్యధికంగా అమ్మే కంపెనీ స్థానాన్ని జనరల్ మోటార్స్ టయోటాకు అప్పగించింది. 2009లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ దివాలా చట్టం కిందకు వెళ్లి ప్రభుత్వ సొమ్ముతో బతికి బయటపడ్డాయి. ఆ గండం గడిచాక కూడా దిశ మారలేదు. జనరల్ మోటార్స్ యూరప్‌లో ఓపెల్‌ను అమ్మేసింది, ఆస్ట్రేలియాలో హోల్డెన్‌ను మూసేసింది. 2017లో చైనాలో 40 లక్షల వాహనాలు అమ్మిన కంపెనీ 2024లో అందులో సగం కూడా అమ్మలేకపోయింది. సొంత దేశంలో మామూలు కార్ల తయారీనే దాదాపు ఆపేస్తామని 2018లో ఫోర్డ్ ప్రకటించింది. 2025 సెప్టెంబరులో అమెరికాలో కొత్త కారు సగటు ధర 50 వేల డాలర్లు దాటింది. పరాయి దేశంలోనే కాదు, తన ఊళ్లో మధ్యతరగతికీ డెట్రాయిట్ దూరమవుతోంది.

సుంకం గోడ ఆ జబ్బుకు మందు కాదు. 2025 ఆగస్టులో భారత సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు భీమవరం, ఆకివీడు, ఉండి ప్రాంతాల రొయ్య రైతు ఆ భారం మోశాడు. చేతిలో డబ్బు ఆడని రైతు కారు షోరూము వైపు చూడడు. గోడ కట్టి పక్కవాడి సరుకు ఆపడం తేలిక. ఆ గోడ వెనకున్న కంపెనీకి బయటి ఊరి కొనుగోలుదారు అవసరం తెలియకుండా పోతుంది. అరవై ఏళ్ల పికప్ సుంకం నేర్పే పాఠం ఇదే.

అయితే అమెరికన్ యంత్రానికి గోదావరి జిల్లాల్లో చోటే లేదనుకుంటే పొరపాటు. దమ్ము చేసే చేలల్లోకి వెళ్లి చూడండి. 1960లలో మహీంద్రాతో కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తెచ్చిన బి-275 ట్రాక్టరు, 1970లలో ఎస్కార్ట్స్‌తో కలిసి ఫరీదాబాద్‌లో తయారైన ఫోర్డ్ ట్రాక్టరు తెలుగు రైతుకు ఒక తరం పాటు తెలిసిన పేర్లు. 1990ల చివర్లో ఎల్ అండ్ టీతో కలిసి పుణె దగ్గర ఫ్యాక్టరీ పెట్టిన జాన్ డీర్, 2005లో పూర్తి వాటా తీసుకుని, ఆ తర్వాత మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌లో మరో ఫ్యాక్టరీ కట్టింది. ఆ ఆకుపచ్చ ట్రాక్టరు ఇవాళ సార్వాకూ దాళ్వాకూ బురదలో దిగుతోంది. దమ్ము రోజుల్లో ట్రాక్టరు ఒక్కరోజు ఆగితే కాలువ నీటి వంతూ, కూలీల ఏర్పాటూ తారుమారవుతాయి. అలాంటి చోట రైతు ఒక విదేశీ పేరును నమ్మాడంటే, చెడిపోయినప్పుడు చూసే మనిషి దగ్గర్లో ఉన్నాడని నమ్మాడన్నమాట. అమెరికా కార్ల కంపెనీలు అధ్యయనాలకు ఖర్చు పెట్టే ముందు తమ దేశపు ట్రాక్టర్ల కంపెనీ ఇక్కడ ఏం చేసిందో చూడాలి.

ఇప్పుడు కనిపిస్తున్న కదలికలు ఆ దిశలో ఉన్నాయా? 2025 అక్టోబరు చివర్లో ఫోర్డ్ తమిళనాడుతో ఒప్పందం చేసుకుంది. 3,250 కోట్ల రూపాయలతో చెన్నై ప్లాంటులో 2029 నుంచి ఇంజిన్లు తయారుచేస్తుంది, అవి ఎగుమతికి. ఉద్యోగాలొస్తాయి, సంతోషమే. మన కొనుగోలుదారుకు మాత్రం అందులో ఏమీ లేదు. 2025 జులైలో టెస్లా ముంబైలో షోరూము తెరిచింది. దిగుమతి సుంకాలతో కలిపి మోడల్ వై ధర దాదాపు 60 లక్షల దగ్గర మొదలైంది. ఆ ధరకు కారు కొనే కుటుంబాలు గోదావరి జిల్లాల్లో లేకపోలేదు. కానీ సర్వీసుకు ఏ మహానగరానికో మోసుకెళ్లాల్సిన కారు డెల్టా బండి కాలేదు. విద్యుత్ వాహనాలతో పాత లెక్కలన్నీ చెరిగిపోతాయని కొందరు అంటారు. నాకు అలా అనిపించడం లేదు. బ్యాటరీ కారు ఖరీదులో పెద్ద భాగం, దాని వారంటీ ఏళ్ల తరబడి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలోనే ఉంటుంది. కంపెనీ వెళ్లిపోతే పెట్రోలు కారును ఊళ్లో మెకానిక్కు ఎలాగో నడిపిస్తాడు. విద్యుత్ కారుకు ఆ అవకాశం తక్కువ. నిలకడ విలువ ఇకముందు పెరుగుతుందే గాని తగ్గదు.

డెట్రాయిట్‌కు మన దగ్గర ఒక గొప్ప ఆస్తి ఉంది. 2015లో డెట్రాయిట్‌లో, 2025లో దాని పక్కనే ఉన్న నోవైలో తానా మహాసభలు జరిగాయంటే అక్కడి తెలుగువారి బలం ఎంతో తెలుస్తుంది. వాహన రంగంలో పనిచేసే ఆ ఇంజినీర్లలో తాతగారి ఊరు కోనసీమలోనో పాలకొల్లు పక్కనో ఉన్నవాళ్లున్నారు. ఉప్పుగాలి, గట్టు రోడ్డు, కిరాయి బండి కష్టం వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. తమ ఊళ్లకు సరిపోయే కారును గీసే పని, నిర్ణయించే అధికారం ఆ కంపెనీలు వాళ్లకు ఇవ్వాలి.

మన ప్రభుత్వాల బాధ్యత కూడా తక్కువ కాదు. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ కార్ల డీలర్లను కాపాడే చట్టం ఉంది. కంపెనీ ఇష్టమొచ్చినట్లు ఒప్పందం తెంచుకుని పోవడానికి అక్కడ వీల్లేదు. అలాంటి చట్టం ఇక్కడా కావాలని ఫాడా అడుగుతూనే ఉంది. సొంత దేశంలో పాటిస్తున్న నియమాన్ని ఇక్కడ పాటించమంటే ఫోర్డ్‌కైనా జనరల్ మోటార్స్‌కైనా అభ్యంతరం ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్ రేపు ఏ వాహన కంపెనీకి భూమి, రాయితీ ఇచ్చినా, అమ్మకాలు ఆపేసినా కనీసం పదేళ్లు స్పేర్లు, సర్వీసు అందించాలన్న షరతు ఒప్పందంలోనే రాయించాలి. పెనుకొండలో స్థలం, నీళ్లు, రోడ్డు ఇచ్చి కంపెనీని తెచ్చుకోవడం మనకు చేతనైంది. కొనుగోలుదారుకు హామీ తెచ్చిపెట్టడం కూడా చేతకావాలి.

ఇప్పుడు నడుస్తున్న దారిలోనే నడిస్తే అమెరికా కార్ల కంపెనీలు ఇక్కడి కొనుగోలుదారును గెలుచుకోలేవు. మార్గం మాత్రం మూసుకుపోలేదు. కారును ఇక్కడే రూపొందించాలి, ఇక్కడే తయారుచేయాలి, భీమవరం, అమలాపురం స్థాయి పట్టణాల్లో సర్వీసు పెట్టాలి, నష్టమొచ్చిన ఏడాది కూడా తలుపు తెరిచి ఉంచుతామని రాసివ్వాలి. రెండుసార్లు వచ్చి రెండుసార్లు వెళ్లిన వాళ్లను మూడోసారి నమ్మమని అడిగేటప్పుడు, ముందుగా సంతకం పెట్టాల్సింది కొనుగోలుదారు కాదు, కంపెనీ.